పీతలదిబ్బ దగ్గర ఆగిన చుక్క

జూలై 6

స్టేషన్‌లో ప్రతి పైలట్‌కీ ఒక లాగ్ పుస్తకం ఇస్తారు. ఎక్కిన టైము, దిగిన టైము, మోసిన సరుకు, మిగిలిన బ్యాటరీ. అంతకుమించి రాయడానికి అందులో చోటుండదు, ఉన్నా రాయకూడదు. అందుకని ఈ నోటుపుస్తకం విడిగా పెట్టుకుంటున్నాను.

నా పేరు సంగాని రత్నావతి. నలభై నాలుగేళ్లు. కొత్తరేవు స్టేషన్‌లో పందొమ్మిదేళ్లుగా రెండు సీట్ల నీటివిమానం నడుపుతున్నాను. మా అమ్మమ్మ చిన్నతనంలో ఇక్కడినుంచి పడమటిలంకకి బస్సుండేదట. ఇప్పుడు ఆ రోడ్డు మీద రెండు నిలువుల నీళ్లున్నాయి.

ఈ ఉదయం పడమటిలంక ఆస్పత్రిలో రక్తం సంచులు ఆరు దింపి, వచ్చేటప్పుడు కోడిపిల్లల అట్టపెట్టెలు తెచ్చాను. దిగేసరికి స్టేషన్ అధికారి హమీదా బేగం గారు నాకోసం ఎదురుచూస్తున్నారు. ఆవిడ బల్లమీద రెండు చిన్న పెట్టెలున్నాయి. ధర్మారావు పోయిన దగ్గర్నుంచీ విమానం ఎక్కడుందో చెప్పే యంత్రం కావాలని ఆవిడ గట్టుమీది డిపోకి రాస్తూనే ఉన్నారు. ఇన్నాళ్లకి పంపారు.

ఓలేటి ధర్మారావు మాతోటి పైలట్. మే నెలలో పడిపోయాడు. మా రేడియో నీటిమీద పాతిక కిలోమీటర్లు దాటదు. ఎక్కడ పడ్డాడో తెలియలేదు. తొమ్మిదోరోజున రొయ్యల పడవవాళ్లకి కనిపించాడు. విమానం తోకమీద మేకుతో గీసిన గీతలు ఆరు ఉన్నాయి. రోజుకొకటి గీసుకున్నాడని చూసినవాళ్లందరికీ అర్థమైంది.

పెట్టెల్లో ఒకటి ట్రాకర్, ఒకటి బీకన్. మా తొమ్మిది విమానాలకీ ఏదో ఒకటే పెట్టించుకోవాలి. రెండు రకాలకీ మరమ్మతు చేసే మనుషులు డిపోలో లేరట. రెండిటినీ వాడి చూసి ఏది కావాలో నన్ను రాసి ఇమ్మన్నారు హమీదా గారు. నెలాఖరు దాటినా ఫరవాలేదు, సరిగ్గా రాయమన్నారు.

నన్ను అడిగారని సంతోషించాను. బయటికి వస్తుంటే ఆవిడ, కాంచననీ కలుపుకోమన్నారు. ఆ పిల్లకి మంచి చూపుందన్నారు. సంతోషం అక్కడితో అయిపోయింది.

జూలై 9

పెమ్మాడి కాంచన వచ్చి ఏడాదిన్నర అయింది. ఇరవై ఆరేళ్లు. పడమటిలంకకి నాకు యాభై నిమిషాలు పడుతుంది. ఆమె నలభై ఒకటిలో వెళ్తుంది. దిగాక నాకంటే ఆమె బ్యాటరీలో ఎక్కువ మిగులుతుంది. అవే విమానాలు, అదే బరువు. ఎలాగని అడిగితే నవ్వి, గాలి కలిసొచ్చిందక్కా అంటుంది. క్యాంటీన్‌లో పైలట్ల మాటలన్నీ ఆమె టైముల గురించే. ఒకప్పుడు నా టైముల గురించి ఉండేవి.

ఇక యంత్రాల సంగతి. బీకన్‌ని విమానం తోకలో బిగించేస్తారు. ఐదేళ్లవరకు దాని బ్యాటరీ ముట్టుకోనక్కర్లేదు. విమానం గట్టిగా కొట్టుకుంటే అదే మేలుకుని శాటిలైట్‌కి కేక వేస్తుంది. అంతవరకు నోరు మెదపదు. ట్రాకర్ అరచేతిలో పట్టేంత ఉంటుంది. పైలట్ తన జాకెట్‌కి తగిలించుకోవాలి, రోజూ చార్జింగ్ పెట్టాలి. రెండు నిమిషాలకొకసారి తానెక్కడుందో పంపుతుంది. స్టేషన్‌లో తెరమీద అది చుక్కలా కదులుతుంది, వెనక దారి గీతలా మిగులుతుంది. ప్రమాదమైతే నొక్కడానికి ఎర్ర బటన్ ఉంది.

ఎవరికి ఏది ఇవ్వాలో నిర్ణయించింది నేనే. ట్రాకర్ కాంచనకి ఇచ్చాను. కొత్త వస్తువులు చిన్నవాళ్లకి త్వరగా అలవాటవుతాయని హమీదా గారితో చెప్పాను. అసలు సంగతి ఇక్కడ రాస్తున్నాను. ఆ తొమ్మిది నిమిషాలు ఆమెకి ఎక్కడ దొరుకుతున్నాయో నాకు చూడాలనుంది. నన్నెవరూ చూడకూడదనీ ఉంది. అందుకని బీకన్ నా విమానానికి బిగించుకున్నాను.

జూలై 14

ఐదురోజులుగా చుక్కని చూస్తున్నాను. స్టేషన్ తెరమీదిది నా చేతిపలకలోనూ, అంటే ట్యాబ్లెట్‌లోనూ కనిపిస్తుంది; దిగగానే చేతులు కడుక్కోకుండా అది తెరిచి చూస్తున్నాను. అన్నం తింటూ చూస్తున్నాను.

వెళ్లేటప్పుడు కాంచన మేమంతా వెళ్లే దారిలో పోదు. కొన్నిరోజులు దక్షిణానికి దిగి, ఇసుకదిబ్బల వరసని ఆనుకుని, సరుగుడు చెట్ల తలలు తగిలేంత కిందుగా పోతోంది. అక్కడే పరుగందుకుంటోంది. మిగతా రోజుల్లో మాలాగే మామూలు దారిలో, మామూలు టైములో వెళ్తోంది. ఆ రోజుల్లో బద్ధకించిందనుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు ఇంకో విషయం. పీతలదిబ్బ దగ్గర చుక్క ఆగింది. పదకొండు నిమిషాలు కదల్లేదు. పీతలదిబ్బకి మా సర్వీసు లేదు. ఆమె లాగ్ తీసి చూశాను. ‘గాలి ఎక్కువగా ఉండి నీటిమీద ఆగాను’ అని ఉంది. ఆ రోజు గాలి లేదు. ఆ గంటలో నేనూ ఆకాశంలోనే ఉన్నాను.

దొంగ రాత దొరికిందని నాకు ఎంత హాయిగా అనిపించిందో రాయడానికి సిగ్గుగా ఉంది.

జూలై 22

పీతలదిబ్బ నుంచి చేపలు తెచ్చే సింహాచలమ్మని అడిగాను, అక్కడ ఎవరున్నారని. పది గడపలున్నాయంది. చివరి ఇంట్లో విమానాల మేస్టారున్నారంది. ఒక విమానం పిల్ల వచ్చి ఆయనకి కంట్లో మందు వేసి, కాసేపు కూర్చుని పోతుందట.

మల్లిపూడి గంగాధరం మేస్టారు నాకు ఎగరడం నేర్పారు. నా శిక్షణ ఫీజుకి పడవ అమ్మనని మా నాన్న అంటే, ఆయనొచ్చి గుమ్మంలో కూర్చుని, ఈ పిల్లని నాకివ్వండి, లంకలన్నిటికీ పనికొస్తుందని అడిగారు. నాలుగేళ్ల క్రితం ఆయన కళ్లకి నీటికాసులు వచ్చాయి. పక్కచూపు పోయింది. ఆయన ఎవరికీ చెప్పలేదు. పరీక్షకి ఆయనతో ఎగిరింది నేను. ఎడమవైపు నుంచి వచ్చిన పడవని ఆయన చూడలేదు. ‘విమానం నడపడానికి తగరు’ అన్న కాగితం మీద సంతకం పెట్టింది నేను. ఆ తర్వాత ఆయన మొహం చూడలేకపోయాను. ఎక్కడికి వెళ్లిపోయారో కూడా కనుక్కోలేదు.

ఇన్నాళ్లూ కాంచన టైములు చూసి కుళ్లుకున్నాను. ఆ కుళ్లు ఎంత చిన్నదో ఇవాళ తెలిసింది. ఆయన నాకు పదిహేనేళ్లలో చెప్పనిదేదో ఈ పిల్లకి చెప్పారు. పదకొండేసి నిమిషాల్లో చెప్పారు.

జూలై 29

హమీదా గారి దగ్గరికి వెళ్లి కాంచన లాగ్‌లో అబద్ధాలు రాస్తోందని చెప్పాను. గీత అచ్చు తీసి ఇచ్చాను. ఆవిడ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు.

మేస్టారికి మందులివ్వమని తానే పంపిస్తున్నానన్నారు. లాగ్‌లో అలా రాయమన్నదీ తానే. ఒక దిబ్బ దగ్గర ఆగితే తక్కిన దిబ్బలవాళ్లూ ఆగమంటారని భయం. తప్పే, ఆ తప్పు తనదన్నారు. తర్వాత ఒక మాట అన్నారు.

“మిమ్మల్ని రాయమన్నది ఆ యంత్రం గురించండీ రత్నావతి గారూ. ఆ పిల్ల గురించి కాదు.”

చెవులు వేడెక్కాయి. వచ్చేసి విమానం ఫ్లోట్లకి పట్టిన నాచు గీకుతూ కూర్చున్నాను. ఈ విమానాలకి చక్రాల బదులు కింద రెండు చిన్న పడవల్లాంటివి ఉంటాయి, వాటినే ఫ్లోట్లంటారు. వారానికోసారి గీకాలి. ఇవాళ గీకిన చోటే మళ్లీ గీకాను.

ఆగస్టు 3

హమీదా గారు చుక్కల తెరని క్యాంటీన్‌లో పెట్టించారు, పైలట్లందరూ చూసి తమ అభిప్రాయం చెప్తారని. ఇప్పుడు అక్కడ టీ తాగే ప్రతివాడూ కాంచన చుక్కనే చూస్తున్నాడు. పరుగందుకోగానే బల్ల చరుస్తున్నారు. ఇవాళ ముప్పై తొమ్మిది నిమిషాలు.

నేను నివేదిక రాయడం మొదలుపెట్టాను. బీకన్ కావాలని రాశాను. చార్జింగ్ గొడవ లేదు, ఎవరూ కూర్చుని చూడనక్కర్లేదు, పైలట్ స్పృహ తప్పినా అదే పనిచేస్తుంది. ఇవన్నీ నిజాలే. బీకన్‌తో వచ్చిన పుస్తకంలో పదిహేడో పేజీలో ఒక వాక్యం ఉంది. విమానం నీళ్లలో తిరగబడి యాంటెన్నా మునిగితే కేక శాటిలైట్‌కి అందకపోవచ్చని. మేము ఎగిరేదంతా నీళ్లమీదే. ఆ వాక్యం నివేదికలో రాయలేదు.

బీకన్ వస్తే తెర తీసేస్తారు. తెరమీద కాంచన ఉండదు.

ఆగస్టు 13

పడమటిలంక ఆస్పత్రి. కుడిభుజం దగ్గర కాలర్ ఎముక విరిగింది. ఎడమచేత్తో రాస్తున్నాను. వంకరగా వస్తోంది. జరిగింది మొన్న, పదకొండో తేదీన.

ఆ రోజు నాది పడమటిలంక ట్రిప్పు. ఇన్సులిన్ పెట్టె, బడి పలకలకి బ్యాటరీలు. పదకొండింటికి ఎక్కాను. కాంచన గీతల్లో అన్నిటికన్నా మంచిదాన్ని పలకలోకి ఎక్కించుకుని కళ్లముందు తగిలించుకున్నాను. ఆమె దారిలోనే పోయి, ఆమెకన్నా ఒక్క నిమిషం ముందు దిగాలి. మేస్టారి పాఠం లేకుండానే దిగాలి. నా కోరిక అంతే.

దక్షిణానికి దిగి దిబ్బల వరస పట్టుకున్నాను. సరుగుడు తలల ఎత్తుకి వచ్చాను. గీతమీదే ఉన్నాను, రెండుమీటర్లు కూడా తప్పలేదు. కింద నీళ్లు నిండుగా ఉన్నాయి. పోటుమీదుంది. గాలి గట్టువైపు నుంచి దిబ్బల మీదుగా వస్తోంది. అవి రెండూ చూశాను. చూసి కూడా గీతనే నమ్మాను.

ఎవరో కిందనుంచి పట్టి లాగినట్టు విమానం జారింది. మోటారు పూర్తిగా తెరిచాను. లేవలేదు. ఎడమ ఫ్లోటు నీళ్లకింద మునిగి ఉన్న కరెంటు స్తంభానికి కొట్టుకుంది. తర్వాత నీళ్లు తలపైన ఉన్నాయి. బెల్టు ఎలా విప్పానో, తలుపు ఎలా తీశానో తెలియదు. తేలేసరికి విమానం వెల్లకిలా పడి, ఫ్లోట్లు ఆకాశంలోకి ఉన్నాయి. విరగని ఫ్లోటు మీదికి ఒక్క చేత్తో పాకాను. ఇన్సులిన్ పెట్టె కొట్టుకుపోతూ కనిపించింది. అందుకోలేకపోయాను.

అక్కడినుంచి తోక కనిపిస్తుంది. మూరెడు లోతులో బీకన్ దీపం ఎర్రగా ఆరుతూ వెలుగుతూ ఉంది. అది చేయాల్సిన పని చేస్తూనే ఉంది, నీళ్లకింద. నేను పదిహేడో పేజీని తలుచుకున్నాను. ధర్మారావు గీసిన ఆరు గీతల్ని తలుచుకున్నాను. నా దగ్గర మేకు కూడా లేదు.

నేను మామూలు దారికి ముప్పై కిలోమీటర్ల పక్కన ఉన్నాను. ఎవరితోనూ చెప్పలేదు. రేడియో మునిగిపోయింది. వెతికేవాళ్లు మామూలు దారిలోనే వెతుకుతారు. ఎండ నెత్తిమీద పడి, ఉప్పునీళ్లు ఆరి, చర్మం చిటచిటలాడింది. పోటు తీసి, నీళ్లు వెనక్కి లాగే పాటు మొదలయింది. బురదమేటలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. గాలి తిరిగి సముద్రం నుంచి వీచసాగింది. మధ్యాహ్నం దాటాక ఆ మేటలమీద గద్దలు రెక్క కదపకుండా పైకి లేస్తుంటే చూశాను. అప్పుడు అర్థమైంది, కాంచన కొన్నిరోజులే ఈ దారిలో ఎందుకు వచ్చేదో. మధ్యాహ్నం పాటుమీదున్న రోజున, బురద కాగి, సముద్రపుగాలి దిబ్బలకి తగిలి లేచే రెండు మూడు గంటలే ఇది దారి. మిగతా వేళల్లో కాదు. గీతలో టైము ఉంది. ఆ టైము ఎందుకో లేదు.

నాలుగున్నర దాటాక మోటారు చప్పుడు వినిపించింది. సరుగుడు చెట్ల తలల మీదుగా తిన్నగా నా దగ్గరికే వచ్చింది. చెయ్యి ఊపనక్కర్లేకపోయింది.

కాంచన విమానాన్ని పక్కకి తెచ్చి, నడుముకి తాడు కట్టుకుని నీళ్లలోకి దూకింది. నన్ను తన ఫ్లోటు మీదికి చేర్చి మంచినీళ్లు తాగించింది. ఎలా తెలిసిందని అడిగాను. జాకెట్‌కున్న ట్రాకర్ తిప్పి చూపించింది.

“చూసినోళ్ల పేర్లు ఈ బుల్లి తెర మీద పడతాయక్కా. మీకు తెలీదనుకుంటా. రోజుకి ఇరవైసార్లు మీ పేరే. అందులోనూ ఈ దిబ్బల గీతే.”

నేను తల వంచుకున్నాను. ఆమె నా చేతిని కదలకుండా కండువాతో మెడకి కడుతోంది.

“ముందు కోపమొచ్చిందండీ. నా వెనకాల పడ్డారేంటి అనుకున్నాను. పోనుపోను, ఎవరో ఒకళ్లు చూస్తన్నారు కదా, పడిపోయినా తెలుస్తదిలే అని ధైర్యంగా ఉండేది. మధ్యాన్నం మీరు దిగ్గానే చూస్తారు. ఇవాళ మూడయినా పేరు పడలేదు. పడమటిలంక ఆస్పత్రికి ఫోన్ చేసి అడిగితే మీరసలు రాలేదన్నారు. ఇంకెక్కడుంటారు మీరు?”

నొప్పిగా ఉంది, కాస్త మెల్లగా కట్టమన్నాను. అంతే.

నేను ఆమెని చూసింది ఎందుకో నాకు తెలుసు. ఆమెకీ తెలిసే ఉంటుంది. అయినా ఆ చూపుని ఆమె ఒక తోడులా పెట్టుకుంది. భుజం కన్నా అది ఎక్కువ నొప్పి పెడుతోంది.

ఆగస్టు 20

ఆ రోజు కొట్టుకుపోయిన ఇన్సులిన్ కోసం పడమటిలంకలో నలుగురు ఎదురుచూశారు. మర్నాడు పొద్దున్నే కాంచన మళ్లీ తెచ్చింది. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. రాకపోవడంలో నా గొప్పేమీ లేదు.

నివేదిక తిరగ రాశాను. ఇలా రాశాను. మాకు ట్రాకర్ కావాలి. మేము నీళ్లమీద పడతాం, తిరగబడతాం. తోకలో బిగించింది మాతోపాటే మునుగుతుంది. మనిషికి తగిలించింది మనిషితోపాటు తేలుతుంది. ఒకవేళ మునిగినా, అంతకుముందు రెండు నిమిషాల నాటి చోటు తెరమీద మిగిలి ఉంటుంది. అయితే బీకన్‌కి ఎవరూ కాపలా ఉండనక్కర్లేదు, ట్రాకర్‌కి ఉండాలి. చుక్క ఆగిందని గమనించే మనిషి లేకపోతే అది గోడమీద బొమ్మ. కాబట్టి ఎగిరే ప్రతి విమానానికీ, అది దిగేవరకు తెరముందు నుంచి లేవని ఒక మనిషి పేరు లాగ్‌లో రాయాలి.

బీకన్ పుస్తకంలోని పదిహేడో పేజీ వాక్యం కూడా రాశాను. దాని కింద, ఆగస్టు మూడున దీన్ని తెలిసే వదిలేశానని రాసి సంతకం పెట్టాను.

హమీదా గారు రెండుసార్లు చదివారు. ఎందుకు వదిలేశారని అడిగారు. బీకన్ వస్తే కాంచన తెరమీద కనపడదని చెప్పాను. పైకి అంటే ఇంత చిన్నగా ఉంటుందని నాకు తెలియదు. ఆవిడ నివేదిక మూసి పక్కన పెట్టారు. ధర్మారావు భార్యకి ఆ గీతల సంగతి తానే చెప్పాల్సి వచ్చిందన్నారు. ఇంకేమీ తిట్టలేదు.

సీనియర్ పైలట్ హోదా తీసేశారు. ఎముక అతికేవరకు తెరముందు కూర్చోమన్నారు. మొదటి పేరు నాదే రాశారు.

ఆగస్టు 30

కాంచన అడిగింది, పీతలదిబ్బకి వస్తారా అని. రానన్నాను. మూడోసారి అడిగినప్పుడు పక్కసీట్లో కూర్చున్నాను.

మేస్టారు తాటాకుల పంచన, గాలికి ఎదురుగా కూర్చుని ఉన్నారు. చిక్కిపోయారు. నేను ముందుకు వెళ్లి మాట్లాడేలోపే అడుగుల చప్పుడుకి తలెత్తారు.

“రత్తీ, నువ్వేనా?”

కాళ్లకి దణ్ణం పెట్టి, కాగితం మీద సంతకం పెట్టింది నేనేనని చెప్పాను. ఆయనకి తెలియని సంగతి కాదు. నేను నా నోటితో చెప్పాలి కాబట్టి చెప్పాను.

“మొదటేడు నీ మీద శానా కోపంగా ఉండేదే. రెండో ఏడు, రేపో మాపో వత్తావని చూశాను. మూడో ఏడు ఇది వచ్చింది. దిబ్బగాలి సంగతి నాకు తెలిసిందే ఇక్కడికొచ్చి కూకున్నాక. కళ్లు పోయాక గాలి బాగా కనపడతందిలే. వచ్చినదానికి చెప్పాను. నువ్వు రాలేదు మరి.”

ఆ మాటలో కోపం లేదు. నాకు చెప్పకుండా దాచింది ఏదీ లేదు. నేను రాని నాలుగేళ్లలో ఆయన నేర్చుకున్నది, వచ్చినవాళ్లకి దక్కింది.

కంట్లో మందు నేను వేస్తానన్నాను. ఎడమచేత్తో అలవాటు లేక రెండుచుక్కలు చెంపమీద పడ్డాయి. ఆయన తుడుచుకుని, ఇక పాఠం వినమన్నారు. తానే చెప్తారనుకున్నాను. కాంచనని చెప్పమన్నారు. తనకి ఎంతవరకు వచ్చిందో చూస్తారట.

నాకంటే పద్దెనిమిదేళ్లు చిన్నదాని ముందు చాపమీద కూర్చుని, ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకున్నాను. ఆమె ఇసుకలో వేలితో దిబ్బల వరస గీసింది. పాటు ఎప్పుడు మొదలవ్వాలో, బురద ఎంతసేపు కాగాలో, గాలి ఏ మూలనుంచి వస్తే వెనక్కి తిరిగిపోవాలో చెప్పింది. బాగా చెప్పింది. నేను ఎవరికైనా అంత బాగా చెప్పగలనా అనుకున్నాను. పాత మంట మళ్లీ గుండెలో రాజుకుంది. అది పోలేదు. పోయిందని రాస్తే ఇదీ ఇంకో దొంగ లాగ్ అవుతుంది.

ఒకచోట మాత్రం కాంచన తప్పు చెప్పింది. అమావాస్య పాటుకీ, అష్టమి పాటుకీ బురద ఒకేలా బయటపడుతుందంది. మేస్టారు చేత్తో ఆపి, ఎలా కాదో సరిదిద్దారు. కాంచన నాలుక కరుచుకుంది.

నాకు కాస్త సంతోషం వేసింది. ఆ సంగతి ఇక్కడ రాసుకుని, ఆయన చెప్పింది దాని కింద రాసుకున్నాను.